బాషా స్టూడియోకు కావలసిన కార్డు

కార్వేటినగరం బస్టాండు ఎదుట ఫొటో స్టూడియో నడిపే సుభాన్ బాషా ముప్పై ఏళ్ళలో అరవని మనిషి లేడు. ఫొటోకు నవ్వని పెళ్ళికొడుకుల మీద అరిచాడు. సరిగ్గా తాళి కట్టే సమయానికి కెమెరాకు అడ్డం వచ్చి నిలబడే మేనమామల మీద అరిచాడు. ఒకసారి ముహూర్తం తొందరపెట్టిన పురోహితుడి మీద కూడా అరిచి, మరునాడు పండ్లు తీసుకుని వెళ్ళి క్షమించమన్నాడు. అయితే అరచెయ్యంత ఆకుపచ్చ అట్టముక్క మీద అరిచే రోజు వస్తుందని మాత్రం ఆయన ఏనాడూ అనుకోలేదు.

"నిన్న మజ్జాన్నం దాకా బాగానే ఉండావు గదా! నీకేం పోయేకాలం వచ్చింది?"

ఆ అట్టముక్క ఆయన కంప్యూటర్ లోపలి కార్డు. నాలుగు డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా చూపించడం దాని పని. నిన్న సాయంత్రం వడగళ్ళ వానకు కరెంటు మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చింది. మూడోసారి కరెంటు వచ్చింది గానీ కార్డు రాలేదు.

దాన్ని విప్పి ఆయన చేతిలో పెట్టింది పవిత్ర. తిరుపతిలో కంప్యూటర్ రిపేరు షాపు ఆమెది. పొద్దున్నే ఫోను చేస్తే బస్సెక్కి వచ్చింది. ఆమె పెళ్ళి వీడియో తీసింది బాషానే కాబట్టి ఆయన అరుపులు ఆమెకు కొత్త కాదు.

"డిస్కులకు ఏం కాలేదన్నా. కార్డు ఒకటే పోయింది" అంది.

"అయితే ఆ డిస్కులు తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించు పాపా."

"తగిలిస్తే ఏమీ కనబడదు. నీ వీడియోలు ఒక్కో డిస్కులో ఒక్కోటి లేవు. ఒక్కో వీడియోను ముక్కలు చేసి నాలుగు డిస్కుల్లోకీ పంచింది ఈ కార్డు. యే ముక్క యాడుండాదో దానికే తెలుసు, లేదంటే దాని వంశంలోదానికి తెలుసు. బయటి కార్డు పెడితే దానికి అర్థం కాదు."

"అట్లయితే దీని మాదిరిదే ఇంకోటి కొను."

"దీన్ని చేసేది మానేసి ఆరేండ్లయిందన్నా."

బాషా చెవులు ఎర్రబడ్డాయి. కోపం ఆయనకు ముందు చెవులకు వస్తుంది, తరవాత నోటికి వస్తుంది. కార్డును బల్ల మీద పడేసి, కంప్యూటర్లు కనిపెట్టినవాళ్ళను, కరెంటాఫీసును, వడగళ్ళను వరుసగా తిట్టాడు. తిడుతూ ఉండగానే గుమ్మంలోకి ఇద్దరు వచ్చారు. వాళ్ళను చూడగానే ఆయన నోరు మూతపడింది.

ముందు వచ్చినవాడు ఆదిమూలం. మూడు మైళ్ళ దూరంలోని వేపకుప్పంలో భారతం జరిపించే కమిటీకి పెద్ద. వెనక ఉన్న మోహన్‌కృష్ణ కరెంటు ఆఫీసులో లైన్‌మన్, నాటకాల్లో వేషాలు కడతాడు.

వేపకుప్పంలో ఏటా వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆ పద్దెనిమిది రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చేది ఒక్క అర్జున తపస్సుకు. అరవై అడుగుల తాటిమాను నిలబెట్టి, దానికి ముప్పై రెండు మెట్లు కొడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టుకో పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ నేల మీద పడుకుని ఉంటారు. పైనుంచి అతడు విసిరే విభూతి, నిమ్మకాయలు తమ మీద పడాలని వాళ్ళ ఆశ. ఈసారి పడుకునేవాళ్ళలో ఆదిమూలం కూతురు రూపశ్రీ కూడా ఉంది. పెళ్ళై ఏడేళ్ళు. చూపించని ఆసుపత్రి లేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ మాను ఎక్కినవాడు చిన్నబ్బ. పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఈ ఏడు ఎక్కాల్సింది ఆయన శిష్యుడు మోహన్‌కృష్ణ. స్తంభాలెక్కే ఉద్యోగం కాబట్టి ఎక్కడం అతడికి లెక్క కాదు. చిక్కంతా పద్యాలతోనే. చిన్నబ్బకు చదువు రాదు. గురువు నోట విని నేర్చుకున్నాడు, నోటితోనే నేర్పాడు. ఇరవై ఒక్క పద్యాలు నేర్పి, మిగిలిన పదకొండూ "నువ్వు ఎక్కే యేడు చెప్తాలే" అని ఆపాడు. ఎక్కే ఏడు వచ్చేసరికి చెప్పే నోరు లేకుండా పోయింది.

"బాషన్నా, నీ కాడ ఉండే రికార్డింగులు ఈడు వినల్ల. వచ్చే గురువారమే తపస్సు" అన్నాడు ఆదిమూలం.

మాను మీద మైకు పెట్టుకోవడం వేపకుప్పంలో ఆచారం కాదు. ఆ పద్యం పైవాడికి, కింది జనానికి కాదు. అందువల్ల ఊళ్ళో ఎన్ని వందల ఫోన్లు వీడియోలు తీసినా వాటిలో వినిపించేది డప్పులే. కానీ మూగ వీడియో తీయడం బాషాకు నామోషీ. పదిహేనేళ్ళ కింద చిన్నబ్బను బతిమాలి, అగ్గిపెట్టెంత రికార్డరు ఆయన మొలలో కట్టించాడు. "నేను ఎక్కినన్నాళ్ళూ ఎవరికీ వినిపించగూడదు" అని చిన్నబ్బ మాట తీసుకున్నాడు. బాషా ఎంత నోటి దురుసు మనిషో అంత మాట మీద నిలబడే మనిషి. ఏటా రికార్డు చేశాడు, డిస్కులో వేశాడు, తాను కూడా వినలేదు. కరోనా రెండేళ్ళు పోగా పదమూడు తపస్సులు ఆ డిస్కుల్లో ఉన్నాయి. లోకంలో ఇంకెక్కడా లేవు.

"ఇస్తాను, కానీ..." అని బల్ల మీది కార్డును చూపించాడు బాషా.

సంగతి అర్థమయ్యేసరికి మోహన్‌కృష్ణ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇరవై ఒకటో మెట్టు మీద నిలబడి ఏం చేసేదన్నా?" అన్నాడు.

"పాడిందే మళ్ళా పాడు" అన్నాడు బాషా.

"పద్దెం లేకుండా మెట్టెక్కితే అది తపస్సు కాదప్పా! టెంకాయలు కోసేదానికి ఎక్కినట్ల" అన్నాడు ఆదిమూలం. అతడు పద్యాల గురించి మాట్లాడుతున్నా, కూతురి గురించే ఆలోచిస్తున్నాడని బాషాకు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు. ఆయన కోపానికి అటువంటి మొహమాటాలు లేవు.

పవిత్ర కాగితం మీద కార్డు పేరూ నంబరూ రాసి ఇచ్చింది. "ఈ కంపెనీవే రెండు రకాలు ఉంటాయన్నా. ఒకటి డిస్కులను కలిపేది, ఇంకోటి ఊరికే తగిలించేది. చూసేదానికి అక్కాచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి. మనకు కావల్సింది కలిపేది. నేను వెతుకుతా. నువ్వు మాత్రం తొందరపడి ఏమీ కొనొద్దు" అంది.

కొనొద్దంటే ఆగే మనిషైతే ఆయన సుభాన్ బాషా ఎందుకవుతాడు? పవిత్ర బస్సెక్కకముందే ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు. ఒక బొమ్మలో అచ్చం తన కార్డులాంటిదే కనిపించింది. అదే ఆకుపచ్చ, అడుగున అవే బంగారు పళ్ళు. శుక్రవారానికి ఇంటికి చేరుస్తామన్నారు. పవిత్రకు చెప్పకుండా తెప్పించాడు.

శుక్రవారం వచ్చిన కార్డును ఆయనే బిగించాడు. ఆదిమూలం పక్కన నిలబడి టార్చి పట్టాడు. టార్చి పట్టమంటే కార్డు మీద పట్టాలి గానీ, ఆదిమూలం బాషా కళ్ళలోకి పట్టాడు, గోడ మీద పట్టాడు, మధ్యలో కూతురి దగ్గర్నుంచి ఫోనొస్తే కప్పు మీద పట్టాడు. స్క్రూ కింద పడి ఎక్కడికో దొర్లింది. దానికోసం ఇద్దరు పెద్ద మనుషులు బల్ల కింద పావుగంట పాకారు. చివరికి అది బాషా భార్య జైతున్‌బీ తెచ్చిన టీ గ్లాసు అడుగున అంటుకుని దొరికింది.

కంప్యూటర్ పెట్టారు. నాలుగు డిస్కులూ కనబడ్డాయి. బాషా ముఖం విప్పారింది. నాలుగూ నాలుగు విడి డిస్కులుగా కనబడ్డాయని గమనించేలోపే తెరమీద ఒక పెట్టె తెరుచుకుంది. ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడుగుతోంది.

"ఏదో అడగతా ఉండాది. సరే అని కొట్టన్నా" అంటూ ఆదిమూలం తానే మౌస్ అందుకున్నాడు.

బాషా ఆ చేతిని ఒడిసి పట్టుకున్నాడు. అదే పట్టులో ఎడమ చేత్తో పవిత్రకు ఫోను చేశాడు. ఆయన సంగతి చెబుతూ ఉండగానే అవతలి నుంచి అరుపు వచ్చింది.

"ప్లగ్గు పీకు! మాట్లాడొద్దు, ముందు ప్లగ్గు పీకన్నా! సరే అని కొట్టింటే పదమూడేండ్లూ తుడిచి పెట్టుకోని పోయుండేది!"

ప్లగ్గు పీకాడు. అరుపులు తినడం ఎలా ఉంటుందో ఆయనకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

"అది ఊరికే తగిలించే రకం. కలిపేది దానికి చేతగాదు. కొనొద్దని చెప్పినానా లేదా?"

"చెప్పినావు" అన్నాడు బాషా. ఫోను పెట్టేసి ఆదిమూలం వైపు తిరిగాడు. "ఇంగ నువ్వు నా కంప్యూటర్‌కు నాలుగడుగుల దూరంలో నిలబడల్ల. అర్థమయిందా? నాలుగడుగులు!"

ఆదివారం పవిత్ర ఫోను చేసింది. చిత్తూరులో పాత కంప్యూటర్ సామాను కొని అమ్మే ఉబేద్ దగ్గర అదే వంశం కార్డు దొరికింది. తరవాతి తరంది, కానీ పాతదాని లెక్క దానికి అర్థమవుతుంది. సోమవారం మధ్యాహ్నానికి తాను స్టూడియోకు వస్తుంది, కార్డును చిత్తూరు నుంచి ఎవరైనా తేవాలి. పూలదండలు చెప్పడానికి ఎలాగూ చిత్తూరు పోతున్నానని ఆదిమూలం ముందుకు వచ్చాడు. తెచ్చేదే కదా, అందులో చెడగొట్టడానికి ఏముందని బాషా ఒప్పుకున్నాడు.

పదకొండుకల్లా రావలసిన మనిషి రెండున్నరకు వచ్చాడు. నుదుట పెద్ద బొట్టు, చేతిలో ప్రసాదం పొట్లం.

"యాడికి పోయినావప్పా?"

"చిత్తూరు దాకా పోతి గదా అని కాణిపాకం కూడా పోయొచ్చినా. కొత్త బండి కొంటే స్వామికి చూపించకుండా తోలతామా? కార్డు కూడా అంతే గదా."

బాషా గోడ గడియారం వంక చూసి, పవిత్ర వంక చూసి, పళ్ళు కొరుక్కున్నాడు. పవిత్ర నవ్వి కార్డు తీసుకుంది. కాగితం విప్పి, నడుమ ఉన్న అల్యూమినియం దిమ్మ మీది కుంకుమ బొట్టును చూసి, అక్కడుంటే నష్టం లేదులే అనుకుని బిగించింది.

కంప్యూటర్ పెట్టారు. అసలు కార్డనేదే లేనట్టు ప్రవర్తించింది అది. తీసి మళ్ళీ పెట్టారు. అంతే. ఇంకో గాడిలో పెట్టారు. అంతే.

బాషా ఉబేద్‌కు ఫోను చేసి, పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా ఉర్దూలో సగం, తెలుగులో సగం తిట్టాడు. చచ్చిన కార్డు అంటగట్టావన్నాడు. గోరీలో పెట్టాల్సినదాన్ని సంచిలో పెట్టి పంపావన్నాడు. ఉబేద్ అంతా విని, "భాయ్, పొద్దున నా కాడ వెలిగింది. వీడియో పంపిస్తా, చూసి మళ్ళా తిట్టు" అన్నాడు. పంపాడు. వీడియోలో అదే కార్డు, ఆకుపచ్చ దీపంతో చక్కగా వెలుగుతోంది.

పవిత్ర కార్డును మళ్ళీ ఊడబెరికి కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. కార్డు అడుగున, గాడిలోకి దిగే చోట, బంగారు రంగు పళ్ళ వరస ఉంటుంది. ఆ వరస అటు చివర నుంచి ఇటు చివరదాకా పసుపుగా, ఎర్రగా, జిడ్డుగా ఉంది.

"ఇదేందన్నా?" అంది పవిత్ర.

ఆదిమూలం నాలుగడుగుల దూరం నుంచి గర్వంగా చెప్పాడు. "నడుమన ఒక బొట్టు పెట్టినా. పళ్ళకు గంధమూ కుంకుమా కలిపి అద్దినా. అది కరెంటు తినేది ఆ పళ్ళతోనే అని ఉబేద్ చెప్పినాడు. అసలు పూజ ఆడనే గదా చెయ్యల్సింది."

బాషా చెవులు ఎర్రబడటం దాటి నల్లబడ్డాయి. ఇంతలో లోపలి నుంచి జైతున్‌బీ వచ్చి, సంగతి విని, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "నేను మాత్రం దాన్ని ముట్టుకోలేదమ్మా. నువ్వు గాడి తుడిచి పెట్టినాక, ఒక్కతూరి కంప్యూటర్ చుట్టూ సాంబ్రాణి పొగ తిప్పినా. అంతే."

"నువ్వు కూడానా!" అన్నాడు బాషా. బయటికి పోయి, బస్టాండు గోడకు ఎదురుగా నిలబడి, ఏ బస్సుదో తెలియని డ్రైవరు హారన్ కొడుతున్నాడని అతడి మీద అరిచి వచ్చాడు.

వచ్చేసరికి పవిత్ర పక్క షాపులో పెన్సిల్ రబ్బరు కొని, ఒక్కో పన్నూ రుద్దుతోంది. రుద్దింది, స్పిరిట్‌తో కడిగింది, బ్రష్‌తో గాడి దులిపింది. కార్డు పెడితే ఆకుపచ్చ దీపం వెలిగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు డిస్కుల తీగను కార్డుకు తగిలించబోయి పవిత్ర తల పట్టుకుంది. కొత్త తరం కార్డు కాబట్టి దాని మూతి చిన్నది, పాత తీగ మూతి పెద్దది.

"తిరుపతిలో నా షాపులో ఉండాది ఆ తీగ. రేపు పొద్దున తెస్తా" అంది.

బాషా కుర్చీలో కూలబడ్డాడు. తపస్సుకు ఇక మూడు రోజులు. రేపు పొద్దున వచ్చినా పదకొండు పద్యాలు రెండు రోజుల్లో నేర్చుకోవాలి. కార్డు వస్తుందని వచ్చిన మోహన్‌కృష్ణ మధ్యాహ్నం నుంచీ మూల కూర్చుని, వచ్చిన ఇరవై ఒక్క పద్యాలనే పెదవుల మధ్య వల్లె వేసుకుంటున్నాడు. అతణ్ణి చూస్తే బాషాకు జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

మంగళవారం పొద్దున తొమ్మిదికల్లా పవిత్ర తీగతో దిగింది. ఆదిమూలాన్ని బాషా లోపలికే రానివ్వలేదు. "నువ్వు ఆ మెట్టు మీద కూర్చో. లేచినావంటే చూడు" అన్నాడు. ఆదిమూలం మారు మాట్లాడకుండా గుమ్మం బయటి మెట్టు మీద కూర్చున్నాడు. మోహన్‌కృష్ణ ఆటోలో చిన్నబ్బను వెంటబెట్టుకుని వచ్చాడు. పద్యంలో ఎక్కడైనా మాట తెలియకపోతే, తప్పో ఒప్పో తల ఊపైనా చెబుతాడు గదా అని. పాస్‌పోర్టు ఫొటోలకు జనాన్ని కూర్చోబెట్టే స్టూలు పక్కకు జరిపి, చేతుల కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టారు. ఆయన స్టూడియో అంతా కలయజూసి, ఒక పక్కకు వంగిన నోటితో నవ్వాడు.

పవిత్ర డిస్కులను వరుస తప్పకుండా తగిలించింది. తెర మీద నల్లటి పేజీ వచ్చింది. బాషా ఆమె భుజం మీదుగా వంగాడు.

"ఏమంటా ఉండాది?"

"ఈ నాలుగు డిస్కులూ వేరే కార్డు కింద పనిచేసినవి అంటా ఉండాది. ఉన్నదున్నట్టు చేర్చుకోమంటావా, అంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టమంటావా అని అడగతా ఉండాది."

"చేర్చుకోమను! చెరిపేది యాడుండాది? దాని పక్కకు పోవద్దు పాపా!"

"అరవద్దన్నా, చెయ్యి వణుకుతుంది."

బాషా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పవిత్ర బాణాన్ని ఒక్కో గీతా కిందికి దించి, రెండుసార్లు చదివి, నొక్కింది. తెర ఖాళీ అయింది. ఆ ఖాళీ ఎంతసేపు ఉందో గానీ, ఆ కాసేపట్లో బాషా తనకు తెలిసిన దువాలన్నీ చదివాడు. తరవాత సంవత్సరాల పేర్లతో పసుపు రంగు ఫోల్డర్లు ఒకటొకటిగా వచ్చి నిలిచాయి. పదమూడూ ఉన్నాయి.

"వచ్చేసినాయి!" అని మోహన్‌కృష్ణ గెంతాడు. జైతున్‌బీ "యా అల్లా" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బాషాకు పవిత్ర కాళ్ళకు మొక్కాలనిపించింది. వయసు అడ్డం వచ్చి, "టీ తాగు పాపా" అన్నాడు.

మొదట పోయినేడాది రికార్డింగు పెట్టారు. డప్పులు, గాలి, ఆయాసం. ఆ ఆయాసం మధ్యలోంచి చిన్నబ్బ గొంతు లేచింది. చెవి పక్కనే పాడినంత స్పష్టంగా ఉంది. ఏడు నెలలుగా వినని ఆ గొంతు వినగానే గదిలో అందరూ కదలడం మానేశారు. చిన్నబ్బ మాత్రం కళ్ళు దించుకున్నాడు.

మోహన్‌కృష్ణ వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. నోటుపుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. ఇరవై రెండో మెట్టు మీద కాలు పడిన చప్పుడు వినిపించింది. కొంచెంసేపు గాలి.

"సామీ, మోకాలు నొస్తా ఉండాది. కొంచెం పట్టుకో."

మోహన్‌కృష్ణ తలెత్తి చూశాడు. గొంతు మళ్ళీ వచ్చింది. "కింద చీకిపోయిన పచ్చచీర కట్టుకోని పడుకోనుండే బిడ్డ పేరు మునిలక్ష్మి అంట. మూడో యేడు వచ్చేది. ఆ బిడ్డకు ఒక నలుసును ఇయ్యి సామీ. ఇంగొకసారి తిప్పి పంపించొద్దు." ఇంకో మెట్టు. ఇంకొకరి పేరు. ఎవరిదో బోరు ఎండిపోయింది, నీళ్ళు పడనియ్యి. ఎవరి కొడుకో తాగుడు మానడం లేదు, బుద్ధి ఇయ్యి. మెట్టు మెట్టుకూ మామూలు మాటలు, పక్కింటివాడితో చెప్పుకున్నట్టు. ముప్పై రెండో మెట్టుదాకా పద్యమే లేదు.

"ఈ యేడు మరిచిపోయి ఉంటాడు. వెనకటిది పెట్టు" అన్నాడు బాషా.

వెనకటిది పెట్టారు. అంతే. దాని వెనకటిది పెట్టారు. ఇరవై ఒక్క పద్యాలు, ఆపైన పేర్లు. ఏడాదికో రకం పేర్లు.

"పద్యాలు లేవా అయ్యవారూ? చెప్తాలే, చెప్తాలే అంటివే! ఇదేనా నువ్వు చెప్పాలనుకున్నది?" అన్నాడు మోహన్‌కృష్ణ.

చిన్నబ్బ తల ఊపాడు.

బాషాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది రోజులు! తప్పుడు కార్డు, కుంకుమ కార్డు, మూతి పట్టని తీగ, బల్ల కింద పాకడం, బస్సు డ్రైవరుతో తగవు. ఇదంతా లేని పద్యాల కోసం! మనిషి మంచాన పడ్డాడని కూడా చూడకుండా చిన్నబ్బ మీదికి తిరిగాడు. "ఏమప్పా, పదిహేనేండ్లు నీ మొల్లో డబ్బా కట్టినా గదా, ఒక్క దినమన్నా చెప్పుండగూడదా..." అని మొదలుపెట్టాడు. రికార్డింగు ఆపడం ఎవరికీ తోచలేదు. వెనక ఇంకో ఏడాది తపస్సు నడుస్తూనే ఉంది. దాంట్లోంచి తన పేరు వినిపించి ఆయన ఆగిపోయాడు.

"మా బాషా పెండ్లానికి రేపు వేలూరులో ఆపరేషను అంట సామీ. ఆయప్ప నాకు చెప్పలే. పొద్దున ఈ డబ్బా కట్టేటప్పుడు ఊరికే నామీద అరిచినాడు. చేతులు చూస్తే వణకతా ఉండాయి. ఆటో తోలే పిలగాడిని అడిగితే చెప్పినాడు. జైతున్ మంచి మనిషి. ఆమెను పిలుచుకోవద్దు. ఆయప్ప ఒంటిగా బతకలేడు సామీ, అరిచేదానికి మనిషి ఉండల్ల."

మెట్టు మీద కాలు పడిన చప్పుడు. తరవాతి పేరు.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ పొద్దున ఆలస్యంగా వచ్చావని చిన్నబ్బ మీద అరిచిన సంగతి బాషాకు జ్ఞాపకం ఉంది. మరునాటి ఆపరేషన్ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయం. జైతున్‌బీ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే నిలబడిపోయింది. బాషా ఆమెను చూశాడు, చిన్నబ్బను చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే పోయి చిన్నబ్బ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

పవిత్ర రికార్డింగు ఆపింది. మోహన్‌కృష్ణ నోటుపుస్తకంలో ఖాళీ పేజీని చూసుకుంటూ అడిగాడు. "అయితే పైన నేను ఎవరి పేరు చెప్పేది?"

"ఈయప్ప పేరు చెప్పు. ఇరవై రెండో మెట్టు మీదనే చెప్పు. మనం విన్న యేండ్లలో మోకాలు తప్ప తనకంటూ ఒక్కటీ అడిగినట్టు లేదు. మాట తిరిగి ఇయ్యమని అడుగు" అన్నాడు బాషా.

చిన్నబ్బ కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి గుమ్మం వైపు చూపించాడు.

గుమ్మం బయట మెట్టు మీద ఆదిమూలం ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. కూర్చోమన్న చోటి నుంచి అంగుళం కదల్లేదు. అంతా విన్నాడని అతడి భుజాలు చూస్తేనే తెలుస్తోంది. పద్యం లేకపోతే తపస్సే కాదన్న మనిషి కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

బాషా లేచాడు. బయటికి పోయి ఆదిమూలం చెయ్యి పట్టుకుని లేవదీశాడు. కంప్యూటర్ పక్కనుంచి నడిపించుకుంటూ తెచ్చి, మోహన్‌కృష్ణ ఎదుట నిలబెట్టాడు.

"చెప్పప్పా" అన్నాడు. ఆయన గొంతు అంత తగ్గడం స్టూడియోలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "నీ బిడ్డ యే పక్క పడుకుంటుంది, యే రంగు చీర కట్టుకుంటుంది, అన్నీ చెప్పు. ఈడు రాసుకుంటాడు."

ఆదిమూలం కండువా ముఖం మీంచి తీశాడు. "రూపశ్రీ" అన్నాడు.

మోహన్‌కృష్ణ ఇరవై రెండు అని అంకె వేసి, దాని పక్కన రాశాడు.